ఐదు పటాలు, ఒక ఖాళీ మేకు

"గుర్రం ప్రింట్లు తెచ్చిన!" సైకిలింకా దిగకముందే వాకిట్లోంచి కేకేశాను.

"గుర్రం పెంట తెచ్చినవా?" లోపలినుంచి మా ఆవిడ వెంకటనర్సమ్మ గొంతు ఖుషీగా వినిపించింది. "జన్మల ఒక్క పనికొచ్చే పని చేసినవు. బీరపాదుకు ఎరువు లేక పిందెలు రాలుతున్నయి."

"గది గాదే, ప్రింట్లు!"

"గదే గదా నేనంటున్న. పచ్చిదా, ఎండిందా?"

"వందేండ్ల కిందటిది!"

"అబ్బ, అయితె మంచిగ మాగి ఉంటది" అంటూ గంప, పార పట్టుకుని బయటికొచ్చింది.

సైకిలు వెనక దుప్పట్లో చుట్టి కట్టిన ఐదు అద్దాల పటాలను చూసింది. గంప కింద పెట్టింది. పార మాత్రం పెట్టలేదు.

నేను గుర్రమంటే ఆమె గుర్రుమంటుందని ఆ రోజే తెలుసుకుని సైకిలు వెనక్కి తిప్పాల్సింది. తిప్పలేదు. అందుకే ఈ తిప్పలు.

ముందు నా సంగతి చెప్పాలి. పేరు పరమేశ్వర్. నల్లగొండ హైస్కూలులో డ్రాయింగు మాస్టరును. మాది సాలెల ఇల్లు. మా నాయిన మగ్గం మీద కూర్చుంటే అంచులో ఒక్క గీత వంకరపోయేది కాదు. నేను స్కేలు పెట్టి గీసినా పోతుంది. పద్దెనిమిదేళ్ళుగా పిల్లలకు వంకాయ బొమ్మ నేర్పుతున్నాను. ఏటా పరీక్షలో సగం మంది దాన్ని చూసి గీయబోయి ఏనుగు గీస్తారు. పాసు చేసేస్తాను. నా వంకాయ చూస్తే వాళ్ళ తప్పేమీ లేదనిపిస్తుంది.

ఇలా వంకాయతో వంకరగా సాగుతున్న బతుకులోకి గుర్రాలొచ్చాయి. విశాలాంధ్ర వచ్చిన ఏడాది. పాతకాలపు ఆఫీసర్ల క్లబ్బు ఒకటి మూతపడితే సామాను హర్రాజు వేశారు. వాలుకుర్చీ కొందామని పోయాను. కుర్చీ ఎవరో తన్నుకుపోయారు. గోడకానించి, దుమ్ము పట్టి, రెండు పటాలు మిగిలాయి. ఇంగ్లీషు దొరల వేట. ఎర్ర కోట్లు, నల్ల టోపీలు, మిలమిలలాడే బూట్లు, కింద మచ్చల కుక్కల మంద. రాగిరేకు మీద గీతలు చెక్కి, కాగితం మీద అచ్చేసి, చేత్తో రంగులద్దినవి. గుర్రం మెడ మీద ఒక్కొక్క వెంట్రుకనూ విడివిడిగా చూడొచ్చు. వంకాయ మాస్టరుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పటినుంచి చిత్రాలు పోగుచేయడం మొదలుపెట్టాను. నా బతుకే చిత్రమైపోయింది.

క్లబ్బు గోడ మీద మొత్తం ఆరుండేవట. మిగతావి ఏనాడో చెల్లాచెదురయ్యాయి. మూడోది కేతేపల్లిలో ఒక మంగలి దుకాణంలో అద్దం వెనక అట్టగా దొరికింది. నాలుగోది కిరాణా దుకాణంలో బెల్లం డబ్బా మీద మూతగా దొరికింది. క్లబ్బులో వంట చేసి మానుకున్న ఒకాయన, ఆత్మకూరులో మా అత్తగారి గల్లీలోనే, కిటికీ రెక్క ఊడితే ఆ జాగాలో ఐదోదాన్ని కొట్టుకున్నాడు. కొత్త రెక్క నేనే చేయించిచ్చి పటాన్ని విడిపించాను. ఈ బేరం కోసం అత్తగారింటికి నాలుగుసార్లు పోయి వచ్చాను. అల్లుడికి అత్తగారి మీద ఇంత ప్రేమ ఎక్కడిదా అని ఆశ్చర్యపోయి, మా ఆవిడ ఆ ఏడాదంతా నన్ను బాగా చూసుకుంది.

ఆరు పటాలూ ఒకే వేట. కింద నంబర్లుంటాయి. ఒకటోదానిలో తెల్ల గుర్రం మీద పెద్ద దొర, చుట్టూ కుక్కలు, ప్రయాణం మొదలు. రెండోదానిలో కంచె దూకుతారు. మూడోదానిలో ఇద్దరు దొరలు వాగులో పడతారు. నాలుగోదానిలో కుక్కలు నేల వాసన చూస్తాయి. ఐదోదానిలో దున్నిన చేను మీదుగా అందరూ తొక్కుకుంటూ పోతుంటే రైతు నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తుంటాడు. ఇంతకీ దేన్ని తరుముతున్నారో ఐదింటిలోనూ కనిపించదు. అది ఆరోదానిలో ఉంటుంది.

ఆ ఆరోది మహబూబ్‌నగర్‌లో లక్ష్మీనర్సయ్య గారి దగ్గర ఉంది. పాత బడుల ఇన్స్పెక్టరు. పటాలంటే ప్రాణం. ముక్కుపొడి అంటే ఇంకా ప్రాణం. అందరూ పొడినర్సయ్య అంటారు. ఆయన నాకు ఉత్తరం రాశారు: "ఐదూ మచ్చ లేకుండా ఉంటే ఆరోది నీది. విడిపోయినవాటిని కలిపితే పుణ్యం. ఒక్క మచ్చ కనిపించినా నా పటం నాతోనే తిరిగి వస్తుంది. ఎండాకాలం సెలవుల ఆఖరి ఆదివారం వస్తాను."

నక్క తోక తొక్కాననుకున్నాను. తోక సంగతి తర్వాత వస్తుంది.

అంతవరకు ఐదు పటాలూ బడి బీరువాలో దాక్కున్నాయి. సెలవులిచ్చారు, సున్నం వేయిస్తున్నాం, బీరువా ఖాళీ చెయ్యి అన్నాడు హెడ్మాస్టరు. అందుకని ఐదూ సైకిలెక్కాయి. దారిలో ఒక గుంతలో పడి ఒకటోదాని అద్దం పగిలింది. పటానికి మాత్రం ఏమీ కాలేదు. అప్పటికి.

"యాడ పెడ్తవు వీటిని?" మా ఆవిడ పార మీద చేయి ఆనించి అడిగింది.

"ముందర అర్రల, గోడకు."

"ఆ గోడ నాది."

నిజమే. ముందుగదిలో ఆ గోడకు ఆరు మేకులున్నాయి. ఆమె తమ్ముడి మగ్గానికి రంగు నూలును చిలపలుగా, అంటే కట్టలుగా, కట్టిపెడుతుంది. ఆరు మేకులకూ అవే వేలాడుతుంటాయి. ఆరు మేకులు, ఆరు పటాలు! దేవుడే కొట్టించాడనిపించింది నాకు. ఆమెకు అలా అనిపించలేదు.

"రేపు పాతసామాన్లోడొస్తడు. అద్దాలకు ఒక సత్తు గిన్నె ఇస్తడు. కాగితాలు పొయ్యిల పెడ్త" అని ఒకటో పటాన్ని చేతిలోకి తీసుకుంది.

నా నోరు నా సెలవు తీసుకోకుండానే తెరుచుకుంది. "ఏయ్! చెప్పులిడిచి ముట్టు! మల్లన్న స్వామి!"

"ఏంది?"

"తెల్లగుర్రం. చుట్టూ కుక్కలు. ఇంకెవరుంటరు?"

మా వైపు గుర్రమెక్కి, కుక్కలను వెంటేసుకుని తిరిగే దేవుడు మల్లన్నే. గొల్లకురుమల ఇంటి దేవుడు. మా ఇంటి దేవుడు వేరైనా ఆయనకు దండం పెట్టకుండా ఎవరూ పోరు.

మా ఆవిడ చెప్పులు విడిచింది. పటాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది.

"నెత్తి మీద టోపీ ఏంది?"

"కిరీటం. విలాయతు మోస్తరు."

"బూట్లో?"

"గుట్టలల్ల ముండ్లుంటయ్ గదా."

"మేడలమ్మ, కేతమ్మ ఏరి? దేవునికి ఇద్దరు పెండ్లాలుండాలె గదా?"

"ఇంటికాడున్నరు. షికారుకు పోంగ పెండ్లాలను తోల్కపోతరా?"

"అవ్, మగోళ్ల షికారు గంతేగా." మూడో పటం వైపు చూసింది. "మరి ఈ ఇద్దరు వాగుల పడ్డరేంది?"

"లీల."

ఆమె మళ్ళీ ఒకటో పటాన్ని చూసింది. చాలాసేపు చూసింది. అదీ దొర ముఖం కాదు, గుర్రం వెనకభాగం. చిలపలన్నీ తీసేసింది. ఐదు మేకులకు ఐదు పటాలూ తనే తగిలించింది. పెద్ద దొరకు బొట్టు పెట్టింది. కాగితానికి తగలకుండా, చట్రం చెక్క మీద, జాగ్రత్తగా పెట్టింది. ఆ జాగ్రత్త ఎందుకో నేను ఆలోచించలేదు. గెలిచిన సంబరంలో ఉన్నాను.

మొదటి ఆదివారం నేను, మా లెక్కల మాస్టరు వెంకటరాజం, ఇంకో ఇద్దరు ముందర అర్రలో పత్తాలు పరిచి పేకాట మొదలుపెట్టాం.

"దేవుని ముందల పత్తాలా?" అంది మా ఆవిడ. ఆట బందు.

సిగరెట్టు వెలిగించాను. "దేవుని ముందల పొగనా?" పొగా బందు, నేనూ వాకిట్లోకి.

మధ్యాహ్నం కంచం ముందు కూర్చుంటే ఆదివారం మాంసం బదులు పప్పు కనిపించింది. "కూరేది?"

"మల్లన్న వారం. నీసు ముట్టద్దు."

"కురుమోళ్లే తింటరు గదనే!"

"వాళ్లకు దేవుడు పాత సుట్టం. మనింటికి కొత్తగ వచ్చిండు. జర మర్యాద చెయ్యద్దా?"

మర్యాద పెరుగుతూ పోయింది. తెల్లవారకముందే బావి దగ్గర చన్నీళ్ళ స్నానం. మే నెల కాబట్టి బతికాను. దేవుని దిక్కు కాళ్ళు పెట్టకూడదని నా మంచం బీరపాదు కిందికి పోయింది. గోడ నాకు దక్కింది, ఇల్లు దక్కకుండా పోయింది. పటంలో ఏ ప్రాణి ఎక్కడ నక్కిందో తెలియదు కానీ, నేను మాత్రం బీరతీగ కింద నక్కి రోజులు లెక్కపెట్టుకున్నాను.

అక్కడితో ఆగితే ఇది నవ్వుకునే కథే. ఆగలేదు. బీరమ్మ వచ్చింది.

బీరమ్మ పక్క గల్లీ కురుమ అవ్వ. రోజూ పొద్దున మాకు పాలు పోస్తుంది. భర్త గోపయ్య పోయి నాలుగేళ్ళయింది. ఆయన గొర్రె బొచ్చు వడికి గొంగళ్ళు నేసేవాడు. ఒక్కడే కొడుకు, బీరప్ప. ఎండలు ముదరగానే మందను తోలుకుని మేతకు కృష్ణ ఒడ్డుకు, మేళ్లచెరువు దిక్కుకు పోయాడు. ఆపాటికి తిరిగి రావాలి. రాలేదు. కబురూ లేదు. అటువైపు మందలకు ఏదో రోగం తగిలిందని సంతలో అనుకుంటున్నారు.

ఆ రోజు పాలు పోయడానికి వచ్చి, తలుపులోంచి పటాన్ని, దాని బొట్టును చూసింది. చెంబు గడప మీద పెట్టింది.

"నా తండ్రీ! మా ఇంటికి రాక పంతులింటికి వచ్చినవా?" అని కొంగు ముడి విప్పింది. నేను లేచేలోపలే పిడికెడు బండారి చల్లింది.

బండారి అంటే పసుపే. మిగతా నాలుగు పటాలకూ అద్దాలున్నాయి. ఒకటోదానికి లేదు. తెల్ల గుర్రం మీద, దొర కోటు మీద, కుక్కల మీద పచ్చగా పడింది. ఆమె తడి చేత్తో దాన్ని అద్దింది కూడా. సాలె ఇంట్లో పుట్టినవాణ్ణి, తడి మీద రంగు ఎలా పడుతుందో ఎవరూ నాకు చెప్పక్కర్లేదు.

"అయ్యో!" అన్నాను.

"అయ్యో గాదు పంతులూ, అయ్య. మా మల్లయ్య" అంది బీరమ్మ.

చెప్పాల్సింది అప్పుడే. నోరు తెరిచాను కూడా. వంటింటి గుమ్మంలో మా ఆవిడ నిలబడి నన్నే చూస్తోంది. నిజం చెబితే పత్తాలొస్తాయి, పొగొస్తుంది, కూరొస్తుంది, నా ఐదు పటాలూ పొయ్యిలోకి పోతాయి. నోరు మూసుకున్నాను. పద్దెనిమిదేళ్ళ నౌకరీలో పిల్లల నోళ్ళు మూయించడమే నా పని. నా నోరు నేను మూసుకోవడం అదే మొదటిసారి. అదీ మూయకూడని చోట.

అప్పటినుంచి రోజూ ఆమె పాలు పోసి, పటం ముందు నిలబడి, నన్నడిగేది. "పంతులూ, నా కొడుకు సంగతి ఏమన్న చెప్పిండా?"

"అడుగుత బీరమ్మా" అని తప్పించుకునేవాణ్ణి.

ఒక శనివారం ఆమె ఏమీ అడగలేదు. పాలు పోస్తుంటే సగం గిన్నె పక్కన పోయాయి. కింద పారుతున్న పాలను చూస్తూ, "బువ్వ మింగుతలేదు పంతులూ. నాల్గు దినాలైతాంది" అంది.

"వస్తడు బీరమ్మా" అన్నాను. ఆపితే బాగుండేది. "వచ్చే బుధవారం దాటదు. నాకు చెప్పిండు."

"ఎవరు? దేవుడా?"

"దేవుడే."

ఆమె ముఖం ఎలా అయిందో నాకు గీయడం రాదు. పటం వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తింది. "తండ్రీ, నా పెనిమిటి నేసిన ఆఖరి గొంగడి పెట్టెల దాచుకున్న. కొడుకు ఇంటికొస్తె నీకే కప్పుత."

ఆమె పోయాక మా ఆవిడ అడిగింది. "వారం పేరు గుడ చెప్పిండా దేవుడు?"

"ఊకె, ధైర్యానికన్న."

"ధైర్యానికైతె వస్తడు అంటె సాలదా? బుధవారం ఎందుకు?"

నేనెప్పుడూ ఒక మాట ఎక్కువ మాట్లాడతాను. ఆ ఎక్కువ మాట పేరు బుధవారం.

బుధవారం వచ్చింది. బీరప్ప రాలేదు. ఆ రోజంతా బీరమ్మ మిర్యాలగూడ రోడ్డు పక్కన ఎండలో కూర్చుంది. నేను ఏదో పని మీద సైకిలు మీద అటు పోయి, ఆమెను చూసి, పని మరిచిపోయి తిరిగి వచ్చాను.

మర్నాడు పొద్దున ఆమె ముందు ఎలా నిలబడాలా అని బావి దగ్గరే ఆలస్యం చేశాను. ఆమే పిలిచింది. "పంతులూ, ఫికర్ పడకు. బుధవారం అన్నడు గని ఏ బుధవారమో చెప్పలే గదా. దేవునికి మన వారాలు ఏం ఎరుక?"

దేవుణ్ణి ఆమె వెనకేసుకొచ్చింది. ఆ దేవుడి వెనక దాక్కున్నవాణ్ణి నేను.

రెండో బుధవారమూ పోయింది. బీరప్ప శుక్రవారం వచ్చాడు. బక్కచిక్కి, గడ్డం పెరిగి, మందలో పదకొండు గొర్రెపిల్లలు తక్కువై వచ్చాడు. రోగం కాదట. నక్కలు. ఒడ్డు మీది పొదల్లోంచి వచ్చి ఒక్కొక్కటిగా ఎత్తుకుపోయాయట. వాటిని కాపలా కాస్తూ, చూడి గొర్రెలు ఈనేదాకా ఆగి, వచ్చేసరికి ఇంతకాలం పట్టింది.

కొడుకు వచ్చాడని సంతోషించాను. రెండు నిమిషాలు. తర్వాత గొంగడి గుర్తుకొచ్చింది. ఆ తర్వాత ఆదివారం గుర్తుకొచ్చింది. సెలవుల ఆఖరి ఆదివారం. పొడినర్సయ్య గారు వచ్చే ఆదివారం.

"ఆదివారం మీ ఇంట్ల పట్నం ఏపిస్తున్న పంతులూ. ఒగ్గోళ్లకు చెప్పొచ్చిన" అంది బీరమ్మ.

ఒగ్గోళ్ళంటే మల్లన్న కథ చెప్పే పూజారులు. పట్నమంటే దేవుని ముందు నేల మీద రంగుల పొడులతో వేసే పెద్ద ముగ్గు. నేను గోడకు పటం వేస్తే ఆమె నేలకు పట్నం వేయించింది.

ఆదివారం పొద్దున మా ముందర అర్రలో అడుగు పెట్టడానికి జాగా లేదు. వాకిట్లో రెండు గల్లీల జనం. ఒగ్గు కిష్టయ్య, ఆయన వెంట డోలుతో ఒకరు, తాళాలతో ఒకరు. నేల మీద పసుపు, తెలుపు, ఆకుపచ్చ పొడులతో పట్నం సిద్ధమైంది. తడి ధోతితో, నుదుటి నిండా బండారితో నన్ను ముందు వరసలో కూర్చోబెట్టింది మా ఆవిడ. "ఇంటాయనవు. కదలకు."

బీరమ్మ పెట్టెలోంచి గొంగడి తెచ్చింది. నల్లగా, బరువుగా, అంచున ఒక్క తెల్ల చార. మడత విప్పి ఒకసారి ముఖానికి ఆనించుకుంది. తర్వాత పెద్ద దొర చట్రం మీద కప్పింది. డోలు మోగింది.

సరిగ్గా అప్పుడు గుమ్మంలో, చంకలో బట్ట చుట్టిన పటంతో, లక్ష్మీనర్సయ్య గారు ప్రత్యక్షమయ్యారు.

"పరమేశ్వర్! ఏమిటయ్యా ఈ గడబిడ?"

"చెప్త సార్, జర కూసోండి!"

ఆయన కూర్చోలేదు. జనంలోంచి దూరి, పట్నం అంచున నిలబడి, గొంగడి కొస ఎత్తి చూశారు. ధైర్యం కోసం ముక్కుపొడి పీల్చారు.

"తెల్ల గుర్రమయ్యా! పచ్చకామెర్లు వచ్చినట్టు పచ్చ గుర్రమైంది గదయ్యా! హా... హా..."

"సార్, అటు తిరిగి తుమ్మండి!"

ఇటు తిరిగే తుమ్మారు. పట్నంలో తూర్పు వాకిలిగా పోసిన పొడి లేచిపోయి ఒగ్గు కిష్టయ్య గడ్డంలో దిగింది.

డోలు ఆగింది. "ఎవరయ్యా దేవుని మీద తుమ్మింది?" కిష్టయ్య లేచి నిలబడ్డాడు.

"దేవుడా?" లక్ష్మీనర్సయ్య గారు ముక్కు తుడుచుకున్నారు. "ఎవరయ్యా దేవుడు? ఇది ఇంగ్లీషు దొరల షికారు! కింద రాసుంది, చదువుకో!"

అందరూ నా వైపు తిరిగారు. నేను కూడా తిరుగుదామని చూశాను. నా వెనక గోడే ఉంది.

చెప్పాను. మొదటినుంచి చెప్పాను. ప్రింట్లు, పెంట, పాతసామాన్లోడు, సత్తు గిన్నె, విలాయతు కిరీటం, లీల, అన్నీ. జోకులేసే నోటికి ఒక్క జోకూ దొరకలేదు. బుధవారం దగ్గరికి వచ్చేసరికి మాట మింగేశాను.

బీరమ్మ కొడుకు పక్కనుంచి ముందుకొచ్చింది.

"అయితె పంతులూ, బుధవారం వస్తడని చెప్పింది గీ పటంల ఆయన గాదా?"

"గాదు బీరమ్మా. నేనే."

"నీకెట్ల ఎరుక?"

"ఎరుక లేదు."

"ఎరుక లేకుంటనే చెప్పినవు." ఆమె అడగలేదు, ఊరికే అంది. కొడుకు వైపు చూసి మళ్ళీ అంది. "ఆ మాట పట్టుకొనే పదమూడు దినాలు బువ్వ మింగిన."

తిట్టిందో, మెచ్చుకుందో ఇప్పటికీ తెలియదు. తిడితే బాగుండేది.

ఆ ఇబ్బంది చూడలేక లక్ష్మీనర్సయ్య గారు మా ఆవిడ వైపు తిరిగారు. "అమ్మా, నీకన్నా తెలియలేదా?"

"తెల్వకేంది సారూ? మొదటి దినమే తెలిసింది. ఆ గుర్రానికి తోక సూడుండ్రి. సగానికి కోసి ఉన్నది. తోక కోసిన గుర్రాన్ని ఏ దేవుడెక్కుతడు?"

అందరూ పటం మీదికి వంగారు. నిజమే. దొరలు వేట గుర్రాల తోకలు కత్తిరిస్తారు. మెడ మీది వెంట్రుకలన్నీ చూసుకున్న నేను తోక చూడలేదు. వాకిట్లో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అర్రంతా నవ్వింది.

"మరి ఎందుకు చెప్పలే?" అన్నాను.

"నువ్వే చెప్తవేమోనని సూసిన. దేవుడన్నవు, దేవుడనే మర్యాద చేసిన. పత్తాలు బందైనయి, పొగ బందైంది, పొద్దుగాల లేస్తున్నవు. ఇంకో నెల సూద్దామనుకున్న." నవ్వులు ఆగేదాకా ఆగి, ఆమె గొంతు తగ్గించింది. "బీరమ్మ కాడనన్న చెప్తవనుకున్న. నువ్వు చెప్పకపోతివి. నేను గుడ చెప్పకపోతిని."

అని పోయి బీరమ్మ పక్కన నిలబడింది. ఇద్దరం తప్పు చేశాం కానీ, అటు పోయి నిలబడే ధైర్యం ఆమెకే ఉంది.

బీరమ్మ పటాలనే చూస్తోంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. "గింతమంది గుర్రాలెక్కి, గిన్ని కుక్కలనేసుకొని, దేనెంబడి ఉరుకుతుండ్రు గీళ్లు?"

లక్ష్మీనర్సయ్య గారు చంకలోని పటం బట్ట విప్పారు. ఆరోది. నాలుగేళ్ళుగా నేను కలలు కన్నది. పెద్ద దొర గుర్రం దిగి నిలబడ్డాడు. చుట్టూ కుక్కలు ఎగురుతున్నాయి. ఆయన చేతిలో ఎర్రగా, తోక వేలాడుతూ...

"నక్క" అన్నాడు బీరప్ప.

"నక్కనా?" బీరమ్మ దగ్గరికి వచ్చింది. వేలు పెట్టి చూసింది. "నక్కను పట్టనీకి గింత ఫౌజా? గొర్రెపిల్లల నెత్తుకపొయ్యే నక్కనా?"

"అవునమ్మా. వాళ్ళ దేశంలో అదో..." అని లక్ష్మీనర్సయ్య గారు చెప్పబోయారు. ఎవరూ వినలేదు. పదకొండు పిల్లలను పోగొట్టుకుని వచ్చిన బీరప్ప ఆ పటాన్ని చూస్తున్న తీరు చూసి నాకు ఒక్కటి అర్థమైంది. ఆ ఐదు పటాలనూ నాలుగేళ్ళుగా నేను చూసింది ఒట్టి చూపే; గీతలు చూశాను, వేట చూడలేదు.

బీరమ్మ వెళ్ళి పెద్ద దొర మీది గొంగడి తీసింది. ఒగ్గు కిష్టయ్య చేతికిచ్చింది. "గిది మల్లన్నకు మొక్కింది. పట్నంల కూసున్నడు గదా, ఆయనకు కప్పు." కిష్టయ్య తుమ్ముకు చెదిరిన తూర్పు వాకిలిని మళ్ళీ దిద్ది, దాని నడుమ గొంగడి పరిచాడు.

తర్వాత ఆమె నా వైపు తిరిగింది. "పంతులూ, గీ దొర పటం నాకిస్తవా?"

"దేవుడు గాదంటివి గద బీరమ్మా..."

"దేవుడు గాకుంటె మానె. నక్కల ఎంబడి వడ్డడు, కుక్కల సాకిండు, నా బండారి పూసుకున్నడు. నాతోని ఒక్క మాట అబద్ధమాడలే. అబద్ధమాడింది నువ్వు. గాయినతోని నాకేం పంచాయితి లేదు."

మేకు మీంచి నేనే తీసిచ్చాను. కొడుకు చేత పట్టించుకుని, ఒగ్గు కథ అయిపోయాక, పోయింది.

లక్ష్మీనర్సయ్య గారు పప్పన్నం తిని, పోయేముందు ఆరో పటాన్ని నా చేతిలో పెట్టారు.

"షరతు తప్పాను గదా సార్. మచ్చ పడింది."

"మచ్చపడ్డ పటం ఆమెతో పోయింది గదా. నేను పటం మీది మచ్చ సంగతే రాశాను. మాస్టరు మీది మచ్చ గురించి రాయలేదు. ఉంచుకో" అన్నారు.

అప్పుడూ నా దగ్గర ఆరింట ఐదే, ఇప్పుడూ ఐదే. అప్పుడు ముగింపు లేదు, ఇప్పుడు మొదలు లేదు. మొదటి మేకు ఖాళీ. దాని మీద చిలపలన్నా వేసుకోమంటే మా ఆవిడ వేసుకోదు. ఇంటికి ఎవరొచ్చినా ఆ ఖాళీ మేకు చూపించి, "గదేందో ఆయన్నే అడుగుండ్రి" అని పోయి చాయ్ పెడుతుంది. చాయ్ అయ్యేలోపల నేను వచ్చినవాళ్ళకు మొదటినుంచి చివరిదాకా చెప్పాలి. ఏదన్నా మింగితే లోపలినుంచి, "బుధవారం ఇడిచిపెట్టినవు" అని గుర్తు చేస్తుంది. మీకూ అలాగే చెప్పాను.

బీరమ్మ పాలు పోయడం మానలేదు. గడప అవతలే నిలబడి పోస్తుంది. మా ఆవిడతో మాట్లాడుతుంది. నాతోనూ మాట్లాడుతుంది, ఎండ గురించి, వాన గురించి. ఏమీ అడగదు.

మరుసటి ఏడు బీరప్ప మళ్ళీ కృష్ణ ఒడ్డుకు పోయాడు. మళ్ళీ ఆలస్యమైంది. ఒక పొద్దున గిన్నె నేనే పట్టుకున్నాను. పాలు కొంచెం నా చేతి మీద పోయాయి.

"బీరమ్మా, వస్త..." అన్నాను.

ఆమె తలెత్తింది. "ఎరుకున్నదా?"

"లేదు."

"అయితె ఊకో పంతులూ."

ఊరుకున్నాను. గిన్నె నిండేదాకా ఇద్దరం పాలనే చూస్తూ నిలబడ్డాం.